కనకవల్లి మేడమ్ వేయించని కుర్చీలు

నవంబరు వానల్లో మా అకౌంట్స్ గదిలోకి తడిసిన గొడుగుల వాసన, నీలగిరి తైలం వాసన కలిసి వస్తాయి. రిటైరైనవాళ్ళు ఏడాదికోసారి స్వయంగా వచ్చి, బతికే ఉన్నామని సంతకం పెట్టే వారం అది. ఈ రోజుల్లో ఆ పని ఫోనులోనే అయిపోతుందని ఎంత చెప్పినా వినరు. కాఫీ, వడ ఫోనులో రావు కదా అంటారు. ఈ ఉదయం మొదటి గొడుగు గుమ్మం దగ్గర మూసుకుని, ఆ తైలం ఘాటు ముక్కుకు తగలగానే, నాకు కనకవల్లి మేడమ్ గొంతు వినిపించినట్టయింది. "గేటుకాడ ఎందుకే నిలబెట్టినారు వాళ్ళను? లోపలికి పిలువు. లెక్క రాసేవాళ్ళు మొగాలు చూడాల." గేటు దగ్గర వానలో సాగే ఆ సంతకాలను లోపలికి తెచ్చింది ఆవిడే.

ఎస్. కనకవల్లి పుదుచ్చేరిలో మా పాత కంపెనీకి చీఫ్ అకౌంటెంటు. బాహూరులో తరతరాలుగా వరి పండించే తెలుగువాళ్ళ ఇంటి ఆడపడుచు. నేను మురుంగపాక్కంలో ఒక మిల్లు కార్మికుడి కూతురిని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరోజు ఫోనులో మా అమ్మతో "యాడుండావు?" అంటూ మాట్లాడుతుంటే ఆవిడ వెనక నిలబడి వింది. "ఏమ్మే, నువ్వూ మనోళ్ళేనా? ఇన్నాళ్ళూ అరవంలో నన్ను చంపితివి కదే!" ఆ రోజు నుంచి పదిమందిలో మేడమ్, ఇద్దరమే ఉంటే అక్క. అక్క అన్నానని తిట్లేమీ తగ్గలేదు, ఇంకా పెరిగాయి. కూడిక తప్పితే "నీ తెలివి తెల్లారినట్టే ఉండాది" అనేది. అంటూనే కుర్చీ నా పక్కకు లాక్కుని, తప్పు ఎక్కడుందో దొరికేదాకా కూర్చునేది.

మా కంపెనీ పంపులూ చేసేది, గాజు సీసాలూ చేసేది. ఒక ఏడాది సీసాల విభాగాన్ని విడదీసి వేరే కంపెనీ పెట్టాలని చెన్నైలోని పెద్దలు నిర్ణయించారు. అన్నదమ్ములు వేరుపోయినట్టే అనుకోండి. యంత్రాలు, స్థలం, అప్పులు పంచుకోవడం తేలికగానే జరిగింది. చిక్కంతా ఎప్పుడో రిటైరైపోయిన సీసాల కార్మికులతో వచ్చింది. వాళ్ళ పింఛను, ఆస్పత్రి ఖర్చులు ఇక కొత్త కంపెనీ చూసుకోవాలి. అందుకోసం పాత కంపెనీ ఇన్నేళ్ళుగా కూడబెట్టిన నిధిలోంచి వాళ్ళ వంతు తీసివ్వాలి. ఆ వంతు ఎంతన్నది వాళ్ళు ఇంకా ఎన్నాళ్ళు బతుకుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. దానికి మరణాల పట్టిక అని ఒకటుంది. అది ఎవరినీ పేరుపెట్టి చంపదు. ఫలానా వయసువాళ్ళు ఇంతమంది ఉంటే, ఏటికేడాది అందులో ఎందరు మిగులుతారో చెబుతుంది, అంతే.

ఫైనాన్స్ డైరెక్టరు పాత పట్టికే వాడమన్నారు. జనం తొందరగా పోయే కాలం నాటిది అది. దాంతో లెక్కేస్తే మేము ఇవ్వాల్సింది బాగా తగ్గుతుంది. ఆ డబ్బు చాలక కొత్త కంపెనీ చేతులెత్తేస్తే మొదట ఆగేది ఆస్పత్రి ఖర్చే. పింఛనుకు చట్టం అండ ఉంది, ఆస్పత్రికి లేదు. కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మునిసామి మామ భార్యకు డయాలిసిస్ ఆ ఖర్చుతోనే జరిగేది. అది ఆగితే ఆమె బతకదు. "మనం పాత కంపెనీ మనుషులం కదక్కా, తక్కువిస్తే మనకే మంచిది కదా" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"మనకు మంచిదే. మునిసామి పెండ్లానికో?" అంది. అప్పటికే డైరెక్టరుకు రెండుసార్లు చెప్పి చూసింది. ఆయన వినలేదు.

ఆయన ఆ లెక్క మీద సంతకం చేయడానికి పుదుచ్చేరి వస్తున్న రోజునే, బతికున్నామని పెట్టే ఆ ఏటి సంతకాలకు సీసాలవాళ్ళను పిలవమంది. ఇన్ని కుర్చీలే వెయ్యమని లెక్క కూడా చెప్పింది. వచ్చేవాళ్ళలో సగం మందికి కాస్త పైన సరిపోతాయి, అంతే.

"ముసలోళ్ళు నిలబడాల్నా అక్కా?"

"చుమ్మా వెయ్యమ్మే, చెప్పింది చెయ్యి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వేశాను. వాళ్ళు వచ్చారు, కాఫీ తాగారు, కుర్చీలు నిండిపోయాయి. మిగతావాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మునిసామి మామ చేతికర్ర మీద బరువంతా వేసి, "ఏంది పాపా, ఈ తూరి మాకు కుర్చీలు లేవా? మేమేం తప్పు చేస్తిమి?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరు లోపలికి వచ్చారు. చెడ్డమనిషేమీ కాదు. గుమ్మంలోనే ఆగిపోయి, "ఏంటమ్మా ఇది? పెద్దవాళ్ళను నిలబెట్టారేంటి? కుర్చీలు తెప్పించండి" అని తమిళంలో కోప్పడ్డారు.

అక్క కూడా తమిళంలోనే, గొంతు పెంచకుండా జవాబు చెప్పింది. "వీళ్ళు రిటైరైన నాటి లెక్కకు మీ పట్టిక వేస్తే ఈపాటికి ఇంతమందే మిగలాలి సార్. అన్ని కుర్చీలే వేయించాను. నిలబడినవాళ్ళకు మీ లెక్కలో చోటు లేదు."

సంగతి ముందుగా అర్థమైంది మునిసామి మామకే. "అంటే నేను పోయినానా? అట్లయితే ఇంతసేపూ కాఫీ తాగింది ఎవురు?" అన్నాడు. ముసలివాళ్ళంతా పగలబడి నవ్వారు. డైరెక్టరు మాత్రం నవ్వలేదు. నిలబడినవాళ్ళను ఒక్కొక్కరినే చూశారు. తర్వాత పక్కగదిలోంచి తనకోసం వేసిన కుర్చీని తనే లాక్కొచ్చి మామకు వేసి, "కొత్త పట్టికతో మళ్ళీ లెక్క వెయ్యండి" అన్నారు. ఆ సాయంత్రం అక్కమీద కోపం తెచ్చుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆవిడకు ఆ సంగతి చెబితే, "నీకు కోపం రాకుంటే ఆయనకేం వస్తాదే?" అని నవ్వింది.

సీసాలవాళ్ళతో పాటు నేనూ కొత్త కంపెనీకి వచ్చేశాను. అక్క పాతదాంట్లోనే రిటైరై మూలకుళంలో ఇల్లు తీసుకుంది. మొదటి ఏడాది లెక్కల్లోనే మాకు నష్టం వచ్చింది. అనుకున్నదానికన్నా జనం ఎక్కువకాలం బతికితే, మా లెక్కల భాషలో దాన్ని నష్టమనే రాయాలి. భయపడుతూ ఆవిడకు ఫోన్ చేశాను.

"అక్కా, కొత్త పట్టిక చెప్పినదానికన్నా ఎక్కువమంది ఉండారు. నష్టం చూపించాల."

"మునిసామి పెండ్లాం?"

"ఉండాది."

"మరి ఏడస్తా చెప్తాండావేందే? నవ్వతా చెప్పు."

కిందటి వేసవిలో అక్క పోయింది. పట్టిక ఆవిడ వయసువాళ్ళకు ఇంకా చాలా ఏళ్ళు ఇచ్చింది. కనుక పాత కంపెనీ లెక్కల్లో అది లాభం కింద చేరి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, నేనైనా అలాగే రాసేదాన్ని. కానీ ఆ వారమంతా లాభం అన్న మాట ఎక్కడ కనిపించినా నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడంటే నాకు ప్రాణం.

మొన్న బోర్డు సమావేశంలో ఈ ఏటి నష్టం చదివి వినిపించాను. కొత్తగా వచ్చిన డైరెక్టరొకాయన, "ఇది ఏటా వస్తూనే ఉందే, ఎప్పటికి తగ్గుతుందమ్మా?" అని అడిగారు.

"తొందరేం లేదు సార్" అన్నాను.