బొట్టు పెట్టి పిలిచిన క్లిక్కులు

మా బావ బాలకిషన్‌రావు దృష్టిలో ఈ లోకంలో రెండే రకాల మనుషులు: తన ఇంటికి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. వచ్చినవాళ్ళకు చాయ్, రానివాళ్ళకు తిట్లు. లక్సెట్టిపేట దగ్గరి ఊరు విడిచి కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుని పదిహేనేళ్ళయినా, పొద్దున ఆరింటికల్లా వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూడడం మానలేదు. అరవై ఆరేళ్ళ వయసులో ఆయన చేసే ఉద్యోగం అదొక్కటే. జీతం లేదు, సెలవులూ లేవు.

నేను ఆయనకు బామ్మర్దిని. పేరు విద్యాధర్. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. బావను ఎగతాళి చేయడం మా వైపు బామ్మర్ది హక్కు. మా అక్క తారాబాయి పెళ్ళయిన నాటి నుంచి ఆ హక్కును నేను ఒక్క రోజు కూడా వదులుకోలేదు.

వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ మధులిక. ఫిజియోథెరపీ చదివి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఐదేళ్ళు పనిచేసింది. రోజుకు నలభై మోకాళ్ళు వంచినా పేరు మాత్రం ఆసుపత్రికే పోయేది. తన బోర్డు కింద తాను పనిచేయాలని రాజీనామా ఇచ్చి వచ్చి, కరీంనగర్‌లో సొంత క్లినిక్ పెట్టింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మెట్లెక్కలేరని కింది అంతస్తే తీసుకుంది, దానికి తగ్గట్టే అద్దె. దసరా దాకా చూద్దామని గడువు పెట్టుకుంది. రోజుకు పదిహేను మంది వస్తే క్లినిక్ నిలుస్తుంది. లేదంటే బోర్డు దించేసి మళ్ళీ పాత ఆసుపత్రికి పోవాలి. నాలుగు నెలలు గడిచేసరికి రోజుకు ముగ్గురు వస్తున్నారు. ఆ పిల్ల రాత్రిళ్ళు సరిగా తినడం లేదని మా అక్క నాకు చెప్పి ఏడ్చింది.

అప్పుడు భానుప్రసాద్ వచ్చాడు. ఊళ్ళో దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి, గూగుల్‌లో ప్రకటనలు పెట్టించే కుర్రాడు. మధులిక అతనితో మాట్లాడి వెబ్‌సైట్ చేయించింది. తనకు క్లినిక్ పని ఉంది కాబట్టి, ప్రకటనల లెక్క వాళ్ళ బాపుకు, అంటే మా బావకు, చెప్పమంది. ఆ అమ్మాయి ఈ కథలో చేసిన తప్పు అదొక్కటే.

వరండాలో కూర్చుని భానుప్రసాద్ ఇరవై నిమిషాలు వివరించాడు. కరీంనగర్‌లో ఎవరైనా మోకాలి నొప్పి అని వెతికితే మన క్లినిక్ పేరు అందరికంటే మీద కనిపిస్తుంది. ఊరికే చూసి వదిలేస్తే ఖర్చు లేదు. నొక్కి లోపలికి వస్తే మాత్రం ఒక్కో నొక్కుకు ముప్పై అయిదు రూపాయల దాకా మనమే గూగుల్‌కు కట్టాలి. రోజుకు పదిహేను వందలు పెడదాం, అవి అయిపోగానే ఆ రోజుకు ప్రకటన ఆగిపోతుంది. ఇదీ అతను చెప్పింది. మా బావకు వినపడింది ‘అందరికంటే మీద’ అన్నంత వరకే. తర్వాత చాయ్ వచ్చింది.

"అంటే ఎంతమంది నొక్కితే గంత ఇజ్జత్ అన్నట్టు," అన్నాడు బావ.

"క్లిక్కులు ఎక్కువైతే మంచిదే సార్," అన్నాడు భానుప్రసాద్. వాడి తప్పేముంది, వాడి వ్యాపారం అది.

ప్రకటన కరీంనగర్ చుట్టుపక్కలకే చాలు అని అతను అంటే, బావ ఒప్పుకోలేదు. మంచిర్యాలలో మనవాళ్ళు లేరా, భైంసాలో లేరా అని ఉత్తర తెలంగాణ మొత్తం కలిపించాడు. ఆ తర్వాత పిలుపులకు బయల్దేరాడు.

మా వాళ్ళలో పెళ్ళికైనా, పుట్టువెంట్రుకలకైనా గడప దాకా వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. ఫోన్‌లో పిలిస్తే ఎవరూ రారు సరికదా, పదేళ్ళ పాటు ఆ మాటే చెప్పుకుంటారు. కాబట్టి గూగుల్‌కు కూడా బొట్టు పెట్టే పిలవాలని మా బావ తీర్మానించాడు. కారు నాది, పెట్రోలు నాది, డ్రైవరునూ నేనే. చొప్పదండి, ధర్మపురి, లక్సెట్టిపేట, మంచిర్యాల, చివరికి భైంసా. తొమ్మిది రోజుల్లో నూట పది ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లో మా అక్క కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టేది. బావ ఆ ఇంటివాళ్ళ ఫోన్ తీసుకుని, అక్షరాలు కొట్టి, మొదటి వరుస మీద వేలు పెట్టి చూపించేవాడు.

"మా మధులిక పేరు గూగుల్ల అందరికంటె మీదికొస్తుంది. రోజుకొక్కసారి వచ్చి పోవాలె. దీపం పెట్టినంక నొక్కున్రి."

"బరాబర్ నొక్కుతం బావా, నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాడు భైంసాలో పత్తి వ్యాపారం చేసే సంతోష్‌రావు. ఇంట్లో ఉన్న నలుగురి ఫోన్లూ తెచ్చి ముందు పెట్టాడు. అంత అభిమానం నా రిటైర్‌మెంట్ సభలో కూడా నేను చూడలేదు.

మా వాళ్ళు మాట తప్పే మనుషులు కారు. పొద్దున అయిదింటికి లేస్తారు, ఆరింటికి దీపం, ఆరుంపావుకు నొక్కుడు. ఏడు కాకముందే ఆ రోజు పదిహేను వందలు హారతి కర్పూరమయ్యేవి. ప్రకటన మాయమయ్యేది. పదింటికి నిజంగా మోకాలు నొచ్చి వెతికినవాడికి వేరే క్లినిక్ కనిపించేది. భానుప్రసాద్ పంపే గీతల బొమ్మలో గీత మీదికి పోతుంటే, దాన్ని చూసి మా బావ వరండాలో ఇంకొంచెం నిటారుగా కూర్చునేవాడు.

ఆలస్యంగా లేచేవాళ్ళు అలిగారు. "మేము ఏడున్నరకు చూస్తే నీ బిడ్డ పేరు కనవడలే. మొదలొచ్చినోళ్ళకేనా మర్యాద?" అని ధర్మపురి నుంచి ఫోన్. రెండో బంతికి కూర అయిపోయినంత పరువు తక్కువ అనిపించింది బావకు. భానుప్రసాద్‌ను పిలిచి రోజుకు మూడు వేలు చేయించాడు. ఆ డబ్బు మధులిక యంత్రాల కోసం తెచ్చిన బ్యాంకు అప్పులో మిగిలినది. ఇన్ని నొక్కుళ్ళకూ క్లినిక్‌కు వచ్చిన ఫోన్ ఒక్కటే. అది లక్సెట్టిపేట నుంచి మా బావ పెద్దనాన్న కూతురు అనసూర్యమ్మ చేసింది. "నొక్కిన బిడ్డా, ముట్టిందా?" అని అడిగి పెట్టేసింది.

మూడు వారాలు దాటాక మధులిక బ్యాంకు కాగితం చూసుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వరండాలో నిలబడింది.

"బాపు, మనోళ్ళతోని నొక్కిపిస్తున్నవా?"

"నొక్కిపిచ్చుడేంది? ప్రేమతోని ఆళ్ళే నొక్కుతున్నరు."

"ఆళ్ళు నొక్కినప్పుడల్ల నాకు ముప్పై అయిదు రూపాలు పోతయి."

బావ నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. "పోతయా?" అన్నాడు. "వస్తయనుకున్న. ఇంటికొచ్చినోళ్ళు ఏమన్న ఇచ్చి పోతరు గని, తీస్కపోతరా?"

"ఇరువై రెండు రోజులల్ల యాభై వేలు పోయినయి. దసరాకు ఇంక ఇరువై నాలుగు రోజులే ఉంది, బాపు." ఆ పిల్ల గట్టిగా అరిచినా బాగుండేది. నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

భానుప్రసాద్ ప్రకటన ఆపేస్తానన్నాడు. ఆపొద్దు, అది అసలు రోగుల కోసం పెట్టింది, చుట్టాలు నొక్కకుంటే చాలు అంది మధులిక. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టమంది.

"బొట్టు పెట్టి పిలిచినోళ్ళను ఫోన్‌ల వద్దంటమా?" అన్నాడు బావ.

ఇంటింటికీ వెళ్ళి చెప్పడమే మర్యాద అని తేలింది. కానీ రమ్మనడానికి మా వాళ్ళలో పద్ధతి ఉంది గానీ రావద్దనడానికి లేదు. మా అక్క రానని కూర్చుంది. "బొట్టు పెట్టుడు నాకెరుకే. పెట్టిన బొట్టు తుడుసుడు నాతోని కాదు," అంది. మళ్ళీ కారు నాది, పెట్రోలు నాది.

మొదట లక్సెట్టిపేటలో అనసూర్యమ్మ ఇల్లు. బావ వానల గురించి మాట్లాడాడు. మక్కల ధర మాట్లాడాడు. గోదావరికి ఎంత నీళ్ళొచ్చాయో నాకు చెప్పాడు, ఆమెకు చెప్పాడు, మళ్ళీ నాకు చెప్పాడు. గంట తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఇగ నొక్కుడు బంద్ చెయ్యాలె."

ఆమె మొహం చిన్నబోయింది. "ఏం తప్పు చేసిన తమ్మీ? తానం చేసినంకనే నొక్కుతున్న గదా."

"తప్పు కాదక్కా. నొక్కితే పిల్లకు పైసలు పోతున్నయి. నాకు సమజ్ కాలే. తప్పు నాదే." ఈ చివరి రెండు మాటలు మా బావ నోట నలభై ఏళ్ళలో నేను మొదటిసారి విన్నాను.

"అయితే మానేస్త తియ్యి. ఇంతకు మధులిక అండ్ల ఏం అమ్ముతది?"

"అమ్ముడు కాదు. మోకాళ్ళ నొప్పులోళ్ళకు కసరత్తు చేపిచ్చి నయం చేస్తది."

అనసూర్యమ్మ చీర కొంచెం పైకి లాగి, గుమ్మడికాయల్లా వాచిన రెండు మోకాళ్ళూ చూపించింది. "నేను కింద కూసోక ఆరేండ్లాయె. నొక్కు నొక్కు అంటివి గని, ఎందుకు నొక్కాల్నో ఒక్క మాట చెప్తివా?"

నూట పది ఇళ్ళలో మా బావ ఆ మాట ఎక్కడా చెప్పలేదు. మధులిక డాక్టరని అందరికీ తెలుసు, దేనికి డాక్టరో ఎవరికీ తెలియదు. ప్రకటన ఇంగ్లీషులో ఉంది. మా వాళ్ళు మొదటి వరుస నొక్కి, చేతులు తుడుచుకుని లేచారు. పిలిచినచోటికి వెళ్ళాలే గానీ ఎందుకు పిలిచారని అడగడం మా వాళ్ళకు నామోషీ. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. కారులో పక్కనే ఉండి నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. వద్దని చెప్పడానికి వెళ్తే మోకాలో, నడుమో, మెడో బయటికి వచ్చేది. నొక్కుళ్ళు ఆగాయి. వారం తిరిగేసరికి క్లినిక్ ముందు జీపులు ఆగాయి. రోజుకు ఇరవై రెండు మంది. మక్క కంకులు తెచ్చారు, సీతాఫలాలు తెచ్చారు. ఫీజు మాత్రం తేలేదు. నాలుగు వందలిచ్చి ఇంటిబిడ్డను పరాయిదాన్ని చేసుకుంటామా అన్నారు. మధులిక పొద్దున ఎనిమిది నుంచి చేతులు పడిపోయేలా పనిచేసేది. గల్లాలో చూస్తే ఎప్పటిలా బయటివాళ్ళు ముగ్గురు ఇచ్చిన పన్నెండు వందలే ఉండేవి. నోరు తెరిచి అడగలేకపోయింది. నేనూ రెండుసార్లు మెడ పట్టించుకుని, ఒక సీతాఫలం తిని వచ్చాను.

హైదరాబాద్ ఆసుపత్రివాళ్ళు సోమవారం పదకొండింటికి ఫోన్ చేస్తామన్నారు. వస్తుందో రాదో అప్పుడు తేల్చి చెప్పాలి. వస్తానని చెబుతానని ఆదివారం రాత్రి మధులిక వాళ్ళ అమ్మతో అంది.

సోమవారం పదిన్నరకు క్లినిక్ మా వాళ్ళతో నిండి ఉంది. బావ లోపలికి వచ్చాడు. అందరూ లేవబోయారు. ఆయన ఎవరినీ పలకరించకుండా కౌంటర్ దగ్గరికి పోయాడు. అక్కడ కూర్చునే మమతారాణి లేచి నిలబడింది.

"చిట్టీ రాయి బిడ్డా."

"ఎవలికి సార్?"

"బాలకిషన్‌రావు. అరువై ఆరేండ్లు. ఎడమ మోకాలు."

నేను నోరు తెరిచాను. ఆయనకు మోకాలి నొప్పి ఉందని మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. అయిదు వందల నోటు కౌంటర్ మీద పెట్టి, వంద చిల్లర వచ్చేదాకా నిలబడ్డాడు. జీవితంలో ఎప్పుడూ చిల్లర కోసం ఆగిన మనిషి కాదు.

"ఏం తమ్మీ," అంది అనసూర్యమ్మ, "తండ్రి దగ్గర గూడ పైసలు తీస్కుంటదా?"

బావ ఆమె వైపు తిరిగాడు. "తీస్కోదక్కా. అందుకే మూతవడేటట్టున్నది. ఇయ్యున్రి. మిమ్ములందరిని అడుగుతున్న, జర ఇయ్యున్రి."

ఇచ్చుడే తప్ప అడుగుడు ఎరగని మనిషి నిండు గదిలో చుట్టాల ముందు నిలబడి అడిగాడు. అడిగి, కుర్చీలో కూర్చుని, తన నెంబరు వచ్చేదాకా నేల చూశాడు. నేను లేచి మమతారాణికి ఎనిమిది వందలిచ్చాను. నా వెనక అనసూర్యమ్మ కొంగుముడి విప్పుతోంది.

లోపల బల్ల మీద బావ పడుకున్నాడు. తలుపు సగమే వేసి ఉంది. మధులిక ఆయన మోకాలు రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా వంచింది. ఆయన పళ్ళు బిగించాడు.

"ఎన్ని రోజుల సంది నొస్తుంది బాపు?"

"నాలుగేండ్లాయె."

పదకొండింటికి ఫోన్ మోగింది. మోకాలు వదలకుండా, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"లేదండి, నేను రావడం లేదు," అంది. "ఇక్కడ పేషెంట్లున్నారు."

బావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మధులిక ఫోన్ పక్కన పెట్టి, ఇంకోసారి వంచమంది.