ఆగిన రైలు, ఆగని జనాజా

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ ఫోర్‌మన్‌ని నేను. పందొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఒక్క రూములో ఎనిమిదిమందిమి పడుకున్న రోజుల్లో ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు, ఫలానా బిల్డింగు లిఫ్టులో తెల్లబట్టల మనిషి కనిపించిందని. "నోరు మూసుకొని పడుకోరా, పొద్దున్నే బస్సు" అని కసిరేవాణ్ణి. ఇంజను ఆగిపోయిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. లోకం గురించి నాకు తెలిసింది అంతే.

ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. నమ్మకపోతే మీ ఇష్టం. నేనైతే నమ్మకుండా ఉండగలిగితే బాగుండునని రోజూ అనుకుంటాను.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మ, నాన్న మా చిన్నతనంలోనే పోయారు. నన్నూ నా తమ్ముడు కరీంనీ పెంచింది మా అక్క మాబున్ని. నాకంటే పదేళ్ళు పెద్దది, వాడికంటే పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే, మిషను కుట్టడం నేర్చుకొని షార్జా వచ్చింది. ఒక దుకాణంలో అబాయాలు, అంటే ఇక్కడి బురఖాలు, కుడుతూ ముందు నన్ను తెచ్చింది, తర్వాత వాణ్ణి తెచ్చింది. కరీం ఆమెను అక్కా అనే పిలిచేవాడు గానీ, వాడికి తల్లంటే ఆమే.

కరీం దుబాయ్‌లో ఒక హోటలు వంటగదిలో పనిచేసేవాడు. కరోనాలో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత ఎలాగో కెనడా పర్మిట్ దొరికి విన్నిపెగ్ అనే ఊరికి పోయాడు, మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పని. అక్క నాతో, నా భార్య రేష్మాతో షార్జాలోనే ఉండిపోయింది.

ఆ మరుసటి చలికాలంలో అక్కకు కిడ్నీలు రెండూ పోయాయి. డయాలసిస్ చేస్తుండగా రక్తంలో ఇన్ఫెక్షన్ చేరింది. ఒక సోమవారం డాక్టరమ్మ నన్ను వార్డు బయటికి పిలిచి, చూడాల్సినవాళ్ళు ఎవరైనా ఉంటే పిలిపించుకోండి అంది. వెంటనే కరీంకి చెప్పాను.

అక్కడ మంచు తుఫాను. విమానాలు ఎప్పుడు లేస్తాయో ఎవరూ చెప్పడం లేదన్నాడు. రైలు మాత్రం ఉంది. ఒకటిన్నర రోజు ప్రయాణం చేస్తే టొరంటో చేరతాడు, అక్కణ్ణుంచి దుబాయ్‌కి నేరుగా ఫ్లైటు. ఆ రైలు వారానికి రెండుసార్లే. మంగళవారం సాయంత్రం ఎక్కాడు, మాకు అప్పటికి బుధవారం తెల్లవారింది.

ఈ దేశంలో వాట్సాప్ కాల్ పనిచెయ్యదని ఇక్కడున్నవాళ్ళందరికీ తెలిసిందే. అందుకని వాడు వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాడు. దారంతా అడవి, సిగ్నలు ఏదైనా ఊరు దగ్గర పడినప్పుడే. వాడు ఎప్పుడో మాట్లాడినవి నాకు మూడూ నాలుగూ ఒకేసారి వచ్చి పడేవి.

మొదటివి హుషారుగానే ఉన్నాయి. "సీటు బాగుండాదన్నా. కాళ్ళు చాపుకునేదానికి పలక ఉంది. మన బెంగుళూరు బస్సు దీని ముందర దిగదుడుపే. ఒక పెట్టెకి పైనంతా అద్దాలే, ఎక్కి కూర్చుంటే చుట్టూ కనిపిస్తాది. ఏముందీ కనిపించేదానికి, మంచే. ఊరంతటికీ సున్నం కొట్టినట్టు." అది అక్క చెవి దగ్గర పెట్టి వినిపించాను. నవ్వింది. "వీడి నోరు మూతపడదు" అంది.

కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు చాలా సన్నగా ఉంది. "రేయ్ మస్తానూ, చిన్నోడు వచ్చేదాక నన్ను మట్టిలో పెట్టొద్దురా. వాడు నా మొగం చూడల్ల. నేను ఆగుతా. ఆగలేకపోతే నువ్వన్నా ఆగు." అట్లనే అక్కా అన్నాను. నేను అన్నాను ఆ మాట, చేతిలో చెయ్యి వేసి. గదిలో ఇంకొకరు ఉన్నారంటే సెలైను మార్చే మలయాళీ నర్సు ఒక్కతే. ఆమెకు తెలుగు రాదు. అక్క మళ్ళీ మాట్లాడలేదు.

బుధవారం సాయంత్రం నుంచి కరీం మాటలో తేడా వచ్చింది. ఆ లైనుమీద గూడ్సు బండ్లకే ముందు దారి ఇస్తారట. మైలు పొడవు గూడ్సు వస్తోందంటే మనుషులున్న రైలు పక్క పట్టాలమీదికి తప్పుకొని నిలబడాల్సిందే. "డబ్బాలకున్న విలువ మనకు లేదన్నా" అని తిట్టుకున్నాడు. తర్వాత పట్టాలమీద మంచు పేరుకుపోయి అసలుకే ఆగింది. వాడి పెట్టెలో వేడి రావడం మానేసింది. బాత్‌రూముల్లో నీళ్ళు గడ్డకట్టాయి. అందరికీ దుప్పట్లు పంచారు, క్యాంటీన్‌లో సూపు తప్ప ఏమీ లేదట. రైలు ఎక్కడుందో చూపించే వెబ్‌సైటు ఉంటే నేను ఆస్పత్రి కుర్చీలో కూర్చొని గంటకోసారి తీసి చూసేవాణ్ణి. తొమ్మిది గంటలు ఆలస్యం. తర్వాత పదహారు.

గురువారం పొద్దున పదిగంటలకు అక్క పోయింది. ఆ సమయానికి నేను కింద టీ తాగుతున్నాను.

ఇక్కణ్ణుంచి జరిగింది రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

మార్చురీ గుమస్తా ఒక ఈజిప్టాయన. మంచివాడు. తమ్ముడు వస్తున్నాడని రేష్మా చెప్తే, ఒక లెటరు రాసిస్తే ఆదివారం దాకా ఉంచుతామని తెల్లకాగితం, పెన్నూ నా ముందుకు జరిపాడు. అప్పటికి మా బావమరిది వచ్చాడు, రేష్మా అన్న. షార్జాలో మావాళ్ళందరికీ పెద్ద ఆయనే. "మయ్యత్‌ని నిలబెట్టగూడదు మస్తాన్. వాడు ఎప్పుడొచ్చి చేరతాడో ఆ అల్లాకే తెలియాల" అన్నాడు. ఆయన తప్పేం లేదు, మా పద్ధతి అదే. పోయినవాళ్ళను ఎంత తొందరగా సాగనంపితే అంత మంచిదంటారు. అయితే అక్క ఏమడిగిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఒక్క మాట చెప్తే ఆయనే ఆగుదామనేవాడు.

నేను చెప్పలేదు. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. పాతికమంది సగంపూట సెలవు పెట్టి వచ్చి ఎండలో నిలబడి ఉన్నారు. మా ముదీర్, అదే మేనేజరు, రెండుసార్లు ఫోన్ చేశాడు. ఖలాస్, కానిచ్చేద్దాం అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనుకున్నాను, నన్ను పెంచిన మనిషి గురించి. కాగితం గుమస్తా వైపు వెనక్కి జరిపేశాను.

కరీంకి ఏం చెప్పాలన్నది ఎవరూ చర్చించనే లేదు. ప్రయాణంలో ఉన్నవాడికి చావు కబురు చెప్పరు. సీరియస్‌గా ఉంది, రా అంటారు. ఇంటికి చేరాక అందరి చేతుల్లో పడి ఏడుస్తాడు. మావాళ్ళలో ఎంతమందికి అలా చెప్పామో లెక్కే లేదు. మార్చురీ మెట్లమీద కూర్చొని ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని, "అక్క నిద్రపోతాంది, నువ్వు నిదానంగా రా" అన్నాను. గొంతు కూడా వణకలేదు. సిగ్గుపడాలి.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత అక్కను ముందుంచి జనాజా నమాజు చదివారు. ఇసుకలోకి దించింది నేనూ మా బావమరిదీ. చేతులు దులుపుకుంటూ గడియారం చూసుకున్నాను, నాలుగూ పది.

ఇంటికి వచ్చాక ఏడింటికి ఫోన్ టింగుమంది. కరీం నుంచి మూడు మెసేజ్‌లు. మొదటిదాంట్లో రైలువాళ్ళను తిట్టాడు. రెండోదాంట్లో కాళ్ళు కొయ్యబారిపోతున్నాయన్నాడు. మూడోది ఇప్పటికి వందసార్లు వినుంటాను. వాడు గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అన్నా, రైలు అడవి నడిమిట్ల ఆగుండాది. స్టేషను ల్యా, ఏం ల్యా. తెల్లారతాంది. నా ఎదురు సీటు ఖాళీ. ఇప్పుడే అక్కొచ్చి కూర్చోనుండె. అందరూ దుప్పట్లు కప్పుకోనుంటే, ఎవరో తెల్లదుప్పటి కప్పుకున్న ముసలామె అనుకుంటి. ఇట్ల తిరిగింది, చూస్తే మన అక్క. తల తడిసి నీళ్ళు కార్తాండాయి. ఈ సలిలో తలకు పోసుకొని వచ్చినావేందక్కా అంటి. 'నేను ఆగుతా అంటిని చిన్నోడా. మస్తాన్ని గూడా ఆగమంటిని. వాడు ఆగలే' అనె. అంతే, లేచి పాయె. అన్నా, అక్క బాగుందా? నిజం చెప్పు."

వెనక ఎవరో దగ్గుతున్నారు, ఇంగ్లీషులో ఏదో అనౌన్స్‌మెంటు. ఆడమనిషి గొంతు అందులో లేదు. చెవికి ఆనించుకొని విన్నాను, లేదు.

తెలివితక్కువగా స్పీకర్‌లో పెట్టాను. పక్కన రేష్మా ఉంది. అక్కకు గుస్ల్, అంటే చివరి స్నానం, చేయించిన ఆడవాళ్ళలో ఆమె ఒకతె. అక్కది ఒత్తైన జుట్టు. స్నానం చేయించాక తల తుడవడానికి వ్యవధి లేక తడిజుట్టుతోనే తెల్లటి కఫన్ గుడ్డ చుట్టేశారట. "బండి వచ్చింది, యల్లా యల్లా అని బయటినుంచి తొందర పెడితిరి గదా మీరు!" అని ఏడ్చింది. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. అలా తొందరపెట్టింది నేనే.

ఆగమంటిని అంటే ఏంటి అని రేష్మా అడిగింది. వాడేదో కలవరిస్తున్నాడులే అన్నాను.

తర్వాత గ్యారేజీ బుర్రతో ఒక్కొక్కటీ విప్పి చూశాను. వాడికి నిద్ర లేదు, చలి, ఆకలి. అక్క పోయిందని ఊహించి ఉంటాడు. తెల్లబట్ట, తడితల అంటే మా ఇళ్ళల్లో మయ్యత్ స్నానం చూసినవాడికి తెలియనివి కావు. కలలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇంతవరకూ సరే. మరి ఆ మాట? గదిలో ఉన్నది నేను, నర్సు. రేష్మాకు చెప్పలేదు, మా బావమరిదికి చెప్పలేదు. అక్క ఫోన్ సోమవారం నుంచి నా జేబులోనే ఉంది. అందులో కాల్స్, మెసేజ్‌లు అన్నీ వెతికాను, ఏమీ లేవు. కరీం వచ్చాక వాడి ఫోన్ కూడా తీసి చూశాను. టైము ఇంకా మార్చుకోని ఆ ఫోన్‌లో, ఆ మెసేజ్ మీద పొద్దున ఏడూ పది అని ఉంది. మాకూ అక్కడికీ తొమ్మిది గంటల తేడా. అంటే ఇక్కడ సరిగ్గా నాలుగూ పది.

ఆ రోజు మాత్రం వాడికి నేనిచ్చిన జవాబు రెండే మాటలు. అక్క బాగుంది.

రైలు ముప్పై గంటలు ఆలస్యంగా టొరంటో చేరింది. ఫ్లైటు తప్పిపోయింది. తర్వాతి ఫ్లైటు పట్టుకొని కరీం దుబాయ్‌లో దిగింది ఆదివారం. ఆదివారం దాకా ఉంచుతామనే కదా ఆ గుమస్తా చెప్పింది. నేను ఆ కాగితం మీద నాలుగు ముక్కలు గీకి ఉంటే వాడు అక్క మొగం చూసేవాడు.

ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో మా బావమరిదే వాడికి చెప్పాడు. వాడు ఏడవలేదు. తెలుసన్నట్టు తలూపాడు.

సోమవారం పొద్దున ఇద్దరం ఖబరస్తాన్‌కి వెళ్ళాం. సమాధిమీద పేరుండదు, ఒక రాయి, దానిమీద నంబరు. కరీం గొంతుక్కూర్చొని అరచెయ్యి ఇసుకమీద ఆనించాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"అన్నా, ఒక్క మాట. నేనొచ్చేదాక ఆగమని అక్క నీతో చెప్పిందా?"

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండొచ్చు. తిట్టేవాడు, కొట్టేవాడు, మళ్ళీ నా మొగం చూసేవాడు కాదు. అయినా చెప్పి ఉండాల్సింది. నాకు భయమేసింది. తోడబుట్టినవాళ్ళలో నాకు ఇక వాడు తప్ప ఎవరున్నారు?

"లేదురా. అప్పటికే మాట పడిపోయింది" అన్నాను.

వాడు పెద్దగా ఊపిరి వదిలాడు. "అంటే కలేనన్నమాట. నాలుగు దినాల నుంచి నిన్ను లోపల్లోపల తిట్టుకుంటాండా అన్నా. నన్ను మన్నించు" అని నా రెండు చేతులూ పట్టుకొని అప్పుడు ఏడ్చాడు. అక్క సమాధి పక్కన వాడు నన్ను క్షమాపణ అడిగాడు. నేను పర్లేదులే అని వీపు నిమిరాను.

అక్క నిజంగా ఆ రైలు ఎక్కిందా? చచ్చినవాళ్ళు వస్తారా? నాకు తెలియదు. మౌల్వీ సాబ్‌ని అడిగితే అలాంటివి నమ్మకూడదన్నాడు. సరే, నమ్మను. కానీ ఆ మాట వాడికెలా చేరింది? దీనికి జవాబు ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పండి, దండం పెడతాను.

కెనడాకి తిరిగిపోయిన కరీం పోయిన చలికాలం మళ్ళీ అదే రైలెక్కాడు. టొరంటోలో పనేమీ లేదు, కావాలనే ఎక్కాడు. ఎదురుసీటు ఖాళీగా ఉండేట్టు చూసుకొని కూర్చున్నాడట. ఈసారి రైలు పెద్దగా ఆగలేదు, పెట్టెలో వేడి కూడా బాగానే ఉంది. అయినా దారంతా నిద్రపోకుండా చూశాడట. టొరంటోలో దిగాక ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"ఎవురూ రాలేదన్నా. నువ్వు చెప్పిందే నిజం. అది కలే."

నేను జవాబుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, ఫోన్ జేబులో వేసుకొని పనిలోకి వెళ్ళాను.