గోరు మందం సందు

అద్దాలక్క ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. పదహారో ఏట అద్దాల గోదాములో పగిలిన ముక్కలు ఏరే పనికి కుదిరింది. ఆ ముక్కల్నే ఇంటికి తెచ్చి, ఎవరో పారేసిన గాజు కోసే కలంతో కోసి, అరచేతి అద్దాలు చేసి అమ్మింది. కలానికి వజ్రపు మొన ఉంటుంది. అది గాజు మీద నడిచేటప్పుడు సన్నగా పాడుతుంది. ఆ పాట మధ్యలో ఆగితే గాజు అడ్డదిడ్డంగా విరుగుతుంది. ఈ సంగతి ఆవిడకి మనుషులెవరూ చెప్పలేదు, ఎడమ చేతి మీది పదకొండు గాట్లు చెప్పాయి. ఇప్పుడు అరవై రెండేళ్లు. మా వీధిలో ఆవిడ అద్దం వేయని కిటికీ లేదు. ఆవిడ నవ్విందంటే గోడకి నిలబెట్టిన గాజు పలకలు కూడా అదురుతాయి.

రెండేళ్ల కింద మణికట్టు మొరాయించింది. అప్పటినుంచి కోత అంతా అవతలాయనదే. సరిహద్దు అవతలినుంచి వచ్చాడు కాబట్టి ఆ పేరు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చేతిలో కలం ఉంటే మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పాట.

ఆ షాపులోకి పొద్దున టీ కన్నా ముందు రాజకీయం వచ్చేది. అక్క తమ్ముడు వడ్రంగి, పక్క షాపే. సరిహద్దు గట్టిగా మూయాలనే పార్టీకి వార్డులో పెద్ద తలకాయ. అక్క అల్లుడు పోస్టాఫీసు గుమాస్తా. దారులు తెరవాలనే పార్టీకి వీరాభిమాని.

"మీవాళ్లు గేటుకి తాళం వేసి, తాళంచెవి కూడా మింగేస్తారు బాబాయ్."

"మీవాళ్లు గేటు పీకి పాత సామాన్లవాడికిస్తారు. ఊరుకో అబ్బాయ్."

"ఇద్దరూ కాస్త జరిగి తిట్టుకోండి, వెలుతురుకి అడ్డం," అనేది అక్క.

ఈసారి సంగతి మాటలతో పోలేదు. తమ్ముడి పార్టీ గెలిచి కొత్త నిబంధన తెచ్చింది. బయటివాళ్ల పర్మిట్ పొడిగించాలంటే, ఆ పని చేయగలవాళ్లు స్థానికుల్లో లేరని లైసెన్సున్న పనివాడు రాసి సంతకం పెట్టాలి. యజమాని సంతకం చెల్లదు. ఊళ్లో లైసెన్సున్నది తమ్ముడొక్కడికే. గడువు శుక్రవారం. సంతకం పడకపోతే అవతలాయన వెళ్లిపోవాలి, అక్క షట్టరు దించేసుకోవాలి.

"అబద్ధం మీద సంతకం పెట్టనక్కా," అన్నాడు తమ్ముడు సోమవారం. "చెక్కని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసేవాణ్ణి, గాజు కోయలేనా? చేసి చూపిస్తా."

"చెయ్యి. అయ్యాక నిజం రాయి, చాలు."

అల్లుడు లేచి మానవత్వం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"పోనీ నువ్వు కోస్తావా నాయనా?" అంది అక్క.

అల్లుడు కూర్చుని టీ తాగాడు.

లైబ్రరీ కిటికీకి పెద్ద పలక కావాలి. చట్రం తమ్ముడు చేసిందే. మంగళవారం రెండు పలకలు పగిలాయి, గీసిన గీత మీదే మళ్లీ గీశాడు మరి. మూడోది బుధవారం పొద్దున సరిగ్గా తెగింది. చట్రంలో కూర్చోబెట్టి, ఇది కదా పనంటే అన్నట్టు చూశాడు.

"కాగితం దూర్చి చూడక్కా. దూరదు."

అవతలాయన ఏదో చెప్పబోయాడు. అక్క కళ్లతోనే ఆపింది. తనకీ ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఎండ కిటికీ మీదికొచ్చింది. టప్‌మని ఈ మూలనుంచి ఆ మూలకి పలక చీలిపోయింది. లోపల పేపరు చదువుకునేవాళ్లంతా తలెత్తి తమ్ముణ్ణి చూశారు.

గురువారం అవతలాయన కోశాడు. తమ్ముడు టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. పలక చట్రంలో పెట్టగానే తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది.

"చిన్నదైంది! నాలుగు వైపులా సందుంది."

అవతలాయన చిటికెనవేలి గోరు ఆ సందులో పెట్టి చుట్టూ నడిపాడు. "గోరు మందం ఉండాలన్నా. ఎండకి గాజు పెరుగుతుంది, వానకి చెక్క ఉబ్బుతుంది. పైన లప్పం పట్టిస్తే సందు కనబడదు."

సందు లేకుండా బిగించడమే పనితనమని ముప్పై ఏళ్లుగా బతికిన మనిషి తమ్ముడు. వంగి, తన గోరు పెట్టి తనూ చుట్టూ నడిపాడు. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. మధ్యాహ్నం ఎండ వచ్చింది, దాటింది. పలక చెక్కుచెదరలేదు. సాయంత్రం తనే ఒక స్టూలు లాక్కుని అవతలాయన పక్కన కూర్చున్నాడు.

"కలం ఎంత వాల్చి పట్టాలోయ్?"

శుక్రవారం కాగితం మీద తమ్ముడు రాసింది అల్లుడు అందరికీ పైకి చదివాడు. "ముప్పై ఏళ్ల లైసెన్సున్న నేను స్వయంగా ప్రయత్నించాను. మూడు పలకలు పగలగొట్టాను. స్థానికుల్లో ఈ పని చేయగలవాళ్లు లేరు. నాకూ రాదు."

కింద సంతకం ఉంది.

"అయితే మా పార్టీలోకి వచ్చేసినట్టేగా బాబాయ్?"

"నా ఓటు నా గేటుకే. ఉపన్యాసాలాపి దీనికి స్టాంపులంటించి నీ చేత్తో పంపు. ఈ ఊళ్లో నీకొచ్చిన పని అదొక్కటే."

అక్కకి నవ్వు ఆగలేదు. అవతలాయన రెండు చేతులూ చాచి, గోడవార పలకలు పడకుండా పట్టుకున్నాడు. పట్టుకుని తనూ నవ్వుతున్నాడు.