తారు కింది పగులు

మా మామగారు పోయిన కబురు నాకు నందిగామ బస్టాండులో తెలిసింది. పుట్టింటికి వచ్చి, జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. కలప లారీ తోలే మనిషి ఒకడు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "పొద్దున్నే పోయారమ్మా పెద్దాయన, నిద్రలోనే అంట," అన్నాడు. బస్సెక్కేసరికి నా వెనక సీట్లో వాళ్ళకీ ఆ సంగతి తెలిసిపోయింది. "ఎవరూ, తన సరుకు బాగాలేదని తనే చెప్పే షావుకారా?" అని ఒకాయన అడిగాడు. "ఆయనే," అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ నవ్వలేదు.

ఆయనకి ఆ పేరెలా వచ్చిందో చెప్తాను. పొగడటానికి కాదు. ఎవరైనా పొగుడుతూ ఆ ఊసెత్తితే ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

నేను కాపురానికి వచ్చేనాటికే జగ్గయ్యపేటలో మామగారికి కలప అడితి ఉంది. ఇంటి పక్కనే. బల్లార్షా టేకు, ఖమ్మం వైపు నుంచి మద్ది దుంగలు లారీల మీద దిగేవి. కోత మిల్లు మాకు లేదు. పైనొకరు, కిందొకరు నిలబడి పెద్ద రంపంతో దుంగలు కోసేవారు. ఎంత చెరిగినా బియ్యంలో రంపప్పొట్టు కనపడేది. ఆయన దుంగని వేళ్ళ కణుపులతో కొట్టి చెవి ఆనించేవారు. "విను అమ్మాయ్, ఇది ఆరిన కర్ర, అది పచ్చిది," అనేవారు. నాకు రెండూ ఒకటే చప్పుడు. ఆ మాటంటే పొంగిపోయి నవ్వేవారు.

ఒక వేసవిలో పెనుగంచిప్రోలు రైతు ఒకాయన కొత్త పెంకుటింటికి దూలం కావాలని వచ్చాడు. ముహూర్తం దగ్గర పడింది. అంత పొడుగు దూలం అడితిలో ఒకటే ఉంది. మామగారు బండికెత్తించి పంపారు. గోడలోకి పోయే కొసలకి చెద పట్టకుండా తారు పూయడం మామూలే కాబట్టి దానికీ పూసి ఉంది. అందులో వింతేమీ ఎవరికీ కనపడలేదు.

వానలు పడ్డాక ఆ దూలం విరిగిందని కబురొచ్చింది. కింద వంట చేసుకుంటున్న ఆ ఇంటావిడ కాలు నలిగిపోయిందట. మామగారు అన్నం ముందు నుంచి లేచారు. "ఆడమనిషికి దెబ్బ తగిలింది, నువ్వూ రా అమ్మాయ్," అంటే నేనూ బండెక్కాను.

ఆవిడ పక్కింటి వసారాలో మంచం మీద ఉంది. మోకాలికి కట్లు కట్టారు. చుట్టూ ఊళ్ళో వాళ్ళు. మామగారిని చూడగానే ఆ రైతు ఎదురొచ్చి, "మీరెందుకండీ ఈ వానలో శ్రమపడి రావడం? గోడ నానిందండీ. గోడ జారితే దూలమేం చేస్తుంది? మీ కర్ర తప్పేం లేదు," అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేనూ లోపల హమ్మయ్య అనుకున్నాను.

మామగారు మంచం దగ్గరికి వెళ్ళి ఆ కట్లు చూశారు. తర్వాత, "గోడ కాదు, కర్రే," అన్నారు. "కొసలో పగులుంది. లక్కా రంపప్పొట్టూ కలిపి పూడ్చి పైన తారు పూయించా. నాకు తెలిసే ఇచ్చా."

ఎవరూ కసరలేదు. ఆ రైతు ఆయన మొహంలోకి చూసి, "చెప్తే ముహూర్తం మార్చుకునేవాళ్ళం కదండీ," అన్నాడు. అంతే అన్నాడు. మంచం మీద ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను తీసుకెళ్ళిన పాల చెంబు ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

ఇంటికొచ్చాక మావారు ఆయన మీద మండిపడ్డారు. "వాళ్ళే గోడ తప్పన్నారుగా నాన్నా, మీరెందుకు నెత్తినేసుకోవడం?"

"నన్ను నమ్మి అన్నార్రా ఆ మాట," అన్నారు మామగారు.

ఇక ఆ ఇంటికి మంచి దూలం కోసం తిరిగారు. మా అడితిలో లేదు. కంచికచర్లలో చూశారు, పచ్చిదని వదిలేశారు. నందిగామలో కరెంటు కోత మిల్లు ఉంది, మా నాన్నకి తెలిసినవాళ్ళదే. మా పుట్టిల్లు చూసినట్టూ ఉంటుందని నన్నూ వెంట తీసుకెళ్ళారు. మిల్లాయన సరదాగా, "సొంత అడితి పెట్టుకుని మా దగ్గర కొంటారేంటండీ?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన జరిగిందంతా చెప్పారు. పనివాళ్ళూ, దుంగలు కోయించుకోడానికొచ్చిన రైతులూ వింటున్నారు. వాళ్ళలో మా వీధి వాళ్ళూ ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కొంగు మొహం మీదకి లాక్కుని రోడ్డు వైపు తిరిగాను.

మిల్లాయన ఆయన్ని మిల్లు వెనక్కి తీసుకెళ్ళి ఒక మద్ది దూలం చూపించి, రెండు కొసలూ కొత్తగా కోయించాడు. మామగారు ఆ కోత మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా రాశారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను అప్పుడొక్కసారే చూశాను. దూలం గోడల మీదికెక్కేదాకా ఆ ఊళ్ళోనే ఉండి వచ్చారు.

ఆ తర్వాత అడితిలో తారు డబ్బా లేదు. "కొస చూసుకుని తీసుకెళ్ళండి, తారు మీ ఇంటి దగ్గర పూసుకోండి," అనేవారు. తొందరలో ఉన్నవాళ్ళకి, "నా దగ్గరున్నది ఇంకా ఆరలేదు, నందిగామ మిల్లుకెళ్ళండి," అని తనే దారి చెప్పి పంపేవారు. బేరాలు తగ్గాయి. మావారు విసుక్కునేవారు.

ఒకసారి వక్కలు కత్తిరించి ఇస్తూ అడిగాను. "అందరి ముందూ చెప్పేశారుగా మామయ్యగారూ, ఇంకా ఎందుకు బాధ?"

"చెప్తే నాకు తేలికయింది అమ్మాయ్. ఆవిడ కాలికి తేలికవలేదుగా," అన్నారు.

పెద్దకర్మ రోజు ఆ రైతూ భార్యా వచ్చారు. మేం కబురు చెయ్యలేదు. చెయ్యడానికి మొహం చెల్లలేదు. ఆవిడ గుమ్మం పట్టుకుని మెల్లగా లోపలికొచ్చి ఆడవాళ్ళ పంక్తిలో చివర, గోడ వారన కూర్చుంది. మోకాలు వంగదు. పక్కావిడతో, "కాస్త అటు జరుగమ్మా, నా కాలికి చోటు కావాలి," అంది. పక్కావిడ జరిగింది, ఆమె పక్కనున్నావిడ జరిగింది, అలా పంక్తంతా విస్తళ్ళు పట్టుకుని జరిగింది. ఆ ఖాళీలో ఆవిడ కాలు చాపుకుంది. నేను అన్నం పళ్ళెం పట్టుకుని, ఆ కాలి చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి వడ్డించాను.