అన్నం చల్లారేదాకా

శనివారం పొద్దున్నే మా బావగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. “మీ అక్క లేవట్లేదమ్మా, ఒకసారి రా” అన్నారు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది. అయినా చెప్పులు వేసుకుంటూ మా ఆయనతో “అక్కకి నీరసంగా ఉందంట” అనే చెప్పాను. రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. నేను వెళ్ళేసరికి నిద్రపోతున్నట్టే ఉంది. దుప్పటి కూడా చెదరలేదు. పక్కన స్టూలు మీద మోకాళ్ళకు రాసుకునే నూనె సీసా మూత తీసి ఉంది. ఆ మూత బిగించి పెట్టి, అప్పుడు ఏడ్చాను.

అక్క అంటున్నాను గానీ ఆమె నాకు తోడికోడలు. అందరం ఒకే ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో, నేను కాపురానికి వచ్చేనాటికే ఆమె అక్కడ పాతుకుపోయింది. తోడికోడళ్ళ గురించి లోకం ఒక మాట అనుకుంటుంది కదా, మేమిద్దరమూ ఆ మాట నిలబెట్టాం. చారులో పులుపు దగ్గర నుంచి పెళ్ళిళ్ళకు కట్టే చీరల దాకా దేని మీదైనా వాదించుకునేవాళ్ళం. పొద్దున వాదించుకుని మధ్యాహ్నం ఒకే కంచం ముందు కూర్చుని మామిడికాయ ముక్కలు కోసేవాళ్ళం. ఇన్ని తగువుల్లోనూ తెగనిది ఒక్కటే. దేవుడి దగ్గర ఆమెకు ఇంకెవరూ ఉండకూడదు. నాకేమో నలుగురూ ఉండాలి.

తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్ళే రోడ్డు పక్కన మా మామిడితోట ఉంది. తోట మధ్యలో ఒక వేపచెట్టు, దాని కింద ముత్యాలమ్మ. గుడీ లేదు, గోపురమూ లేదు, పూజారి అసలే లేడు. మోకాలెత్తు రాయి, దాని ముందు దీపం పెట్టడానికి నాలుగు ఇటుకల గూడు. ప్రతి మంగళవారం ఇంటి పెద్దకోడలు వెళ్ళి రాయిని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దీపం వెలిగించి నైవేద్యం పెట్టి రావాలి. మా అత్తగారు ఆఖరి రోజుల్లో అక్క చెయ్యి పట్టుకుని “అమ్మకి మంగళవారం తప్పనీకే” అని ఒప్పగించి పోయారు. అప్పటి నుంచి వానొచ్చినా, ఎండ నెత్తిన కాస్తున్నా అక్క తప్పనీయలేదు. పురుళ్ళకూ, మైలకూ మాత్రం పొరుగు తోట ఆవిడ చేత చేయించేది. ఆ రోజు ఇంట్లో ఒకటే తిరుగుడు, కూర్చోలేదు, నుంచోలేదు.

ఒకసారి ఆమె గొడుగు మర్చిపోయి వెళ్ళిందని వెనకాలే వెళ్ళాను. చెట్ల మధ్య నుంచి మాటలు వినిపించాయి. ఎవరితోనబ్బా అని ఆగి చూస్తే, రాయి ముందు గొంతుక్కూర్చుని అమ్మవారిని ఉతికి ఆరేస్తోంది.

“బోరు మోటారు మళ్ళీ కాలింది. నువ్వు చూస్తా కూర్చో. ఆయనేమో రెండ్రోజుల్నించి నాతో మాట్టాడట్లేదు. పోనీ నువ్వన్నా మాట్టాడతావా అంటే నీకూ ఉలుకూ పలుకూ లేదు. ఇద్దరూ ఇద్దరే!”

నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఆమె ముఖం ఎర్రబడిపోయింది. గొడుగు లాక్కుని “ఇంకెప్పుడూ నా వెనక రాకు” అంది. ఇంటికి వచ్చాక కూడా ఆ పూటంతా నాతో ముభావంగానే ఉంది. ఇంట్లో పదిమంది ముందు పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి ఆమె. చెప్పుకోవలసినవన్నీ వారమంతా మూటగట్టుకుని మంగళవారం అక్కడ విప్పుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

నా సంగతి వేరు. ఒక్కదాన్నే కూర్చుని కళ్ళు మూసుకున్నానంటే పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి, తర్వాత గ్యాసు గుర్తొస్తుంది, ఆ తర్వాత ఎవరో పదేళ్ళ కిందట అన్న మాట గుర్తొస్తుంది. దేవుడొక్కడే గుర్తురాడు. అందుకే నేను ఊళ్ళో ఆడవాళ్ళను పోగుచేసి శుక్రవారం పారాయణ బృందం పెట్టాను. కిరాణా కొట్టు వదినగారు, రిటైరైన టీచరమ్మ, రైసుమిల్లు వారి కోడలు, నేను. వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో చేరతాం. నలుగురి గొంతులూ కలిసి లేస్తుంటే నా గొంతు ఎక్కడుందో నాకే తెలియదు. ఆ తెలియకపోవడంలో ఎంత హాయి ఉందో చెప్పలేను.

“అందరూ ఒకేసారి పిలిస్తే ఆవిడ ఎవరికని పలుకుద్దే?” అనేది అక్క.

“నువ్వు ఒక్కదానివే గొణిగితే వినపడొద్దూ?” అనేదాన్ని నేను.

కొన్నేళ్ళకు అక్క మోకాళ్ళు మొరాయించాయి. ఆటోలో రోడ్డు దాకా వెళ్ళినా, అక్కడి నుంచి దున్నిన నేల మీద తోట మధ్యకు నడవాలి. ఒకటి రెండు సార్లు తూలి పడబోయింది కూడా. ఒకనాడు మా పెరట్లో కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా అంది: “నా తర్వాత అమ్మని నువ్వే చూసుకోవాలి అమ్మాయ్.” ఆమెకున్నది ఒక్క కూతురు. ఆ పిల్ల ఖమ్మంలో అత్తింటి అమ్మవారిని చూసుకుంటోంది. ఇటు మిగిలిన కోడల్ని నేనే.

“నాకు ఒక్కదానికి చేతకాదక్కా” అన్నాను. “నువ్వు కూర్చున్నట్టు నేను కూర్చోలేను. నా వల్ల కాదు.”

ఆమె బతిమాలలేదు. పోట్లాడినా బాగుండేది. కొంగుతో మోకాలు రుద్దుకుంటూ గోడ వంక చూస్తూ కూర్చుంది. అత్తగారు చేతిలో పెట్టిపోయింది తన చేతిలోనే ఆగిపోతుందని ఆమె భయం. ఆ వారమంతా ఆలోచించి, “పోనీ మా బృందాన్ని తీసుకొస్తాను, అందరం కలిసి చేస్తాం” అన్నాను. “గుంపా?” అంది. కొంగు దులుపుకుని లేస్తూ “సరే, ఒకసారి చూద్దాం” అంది.

అలా వెళ్ళిన ఆ మొదటి మంగళవారం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మేము ఊరేగింపుగా దిగాం. టీచరమ్మ బ్యాటరీ మైకు తెచ్చింది. రైసుమిల్లు కోడలు పూలబుట్టలు తెచ్చింది. కిరాణా వదినగారు తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, మడిగట్టుకుని, నేతిలో జీడిపప్పు వేయించి ఇత్తడి గిన్నె నిండా చక్కెర పొంగలి వండి తెచ్చింది. మూత తీస్తే పొగలు. గిన్నెను అమ్మవారి ముందు పెట్టబోతుంటే అక్క ఒక్క అరుపు అరిచింది.

“అయ్యయ్యో, వేడిది పెట్టకూడదండీ!”

వదినగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “వేడివేడిగా పెట్టకపోతే మహాపచారం కదండీ?” అంది. మాకు తెలిసిన పూజలన్నిటిలోనూ అంతే. నిన్నటి అన్నం దేవుడికి పెట్టడమంటే మేము చెంపలేసుకుంటాం. ముత్యాలమ్మ దగ్గర తిరకాసు. ఆటలమ్మ పోసినప్పుడు పిల్లల ఒంట్లో వేడి దించే తల్లి కాబట్టి ఆమెకు చల్లనివే పెట్టాలి. రాత్రి వండిన అన్నంలో పొద్దున పెరుగు కలిపి తేవాలి. అక్క చద్దన్నం పెడుతుందని నాకు తెలుసు గానీ, పొద్దున్నే వండే ఓపిక లేక పెడుతుందని అనుకునేదాన్ని!

ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. వండినది వెనక్కి తీసుకెళ్ళకూడదు, వేడిది పెట్టకూడదు. “అత్తయ్యుంటే చెప్పేది. నాకూ ఇట్టాంటిది ఎప్పుడూ రాలేదు” అంది అక్క. కాసేపు అమ్మవారి వంక చూసి, “చల్లారనిద్దాం. చల్లారేదాకా కూర్చోండి. ఆవిడ ముందు అన్నం పెట్టుకుని మనం పాడతా కూర్చుంటే ఏం బాగుంటది, ఊరికే కూర్చోండి” అంది.

కూర్చున్నాం. నెయ్యి పోసిన పొంగలి, పైగా ఇత్తడి గిన్నె, అదేమన్నా గబుక్కున చల్లారుతుందా? మొదట మిల్లు కోడలు నా వంక చూసి నవ్వాపుకుంది. టీచరమ్మ వాచీ చూసుకుంది. నాకైతే పాలు, గ్యాసు, పదేళ్ళనాటి మాట వరసగా వచ్చేశాయి. అన్నీ వచ్చి, అన్నీ పోయాయి. వేపచెట్టు మీద ఏదో పిట్ట అరిచి ఊరుకుంది. రోడ్డు మీద విజయవాడ బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళింది. ఎప్పుడు మొదలుపెట్టిందో గానీ కిరాణా వదినగారు ఏడుస్తోంది. చప్పుడు లేదు, కళ్ళు తుడుచుకోవడమూ లేదు. ఎందుకని ఎవరమూ అడగలేదు. మామూలుగా అయితే నేను అడగకుండా ఉంటానా? అక్క ఒక్కతే మధ్య మధ్య వేలి చివరతో గిన్నె ముట్టుకుని చూస్తూ, ఇంకా కాలేదన్నట్టు తల ఊపింది.

చివరికి గిన్నె చల్లబడ్డాక నైవేద్యం పెట్టి, హారతి ఇచ్చి తిరిగి వచ్చాం. మైకు బయటికే తీయలేదు. ఇల్లు చేరాక అక్క నాతో అంది: “ఎవరి మాట వాళ్ళు చెప్పుకున్నారు. ఒకరికొకరు అడ్డం రాలేదు. నేననుకున్నట్టు లేదు.” ఆగి, కొంటెగా నవ్వి, “ఈసారి కూడా వేడిగానే తెమ్మను” అంది.

అప్పటి నుంచి నెలకో మంగళవారం మా గుంపుది, మిగిలినవి అక్కవి. పొంగలి వేడిగానే తెచ్చేవాళ్ళం, చల్లారేదాకా కూర్చునేవాళ్ళం. కానీ అక్కకు లోపల బెంగ తీరలేదు. మొన్న వేసవిలో కాయలు కోతకు వచ్చినప్పుడు, తోటలో రసాలు ఏరుతూ అంది: “మీరు రావటం బాగానే ఉంది. కానీ గుంపంటే ఎవరో ఒకళ్ళు వెళ్తార్లే అనుకుంటారు. అందరూ అట్టాగే అనుకున్నరోజు అమ్మ ఒక్కతే అయిపోద్ది. నేనైతే ఎవరి మీదికి నెట్టను? నేను ఒక్కదాన్నే గదా.” నేను మాట మార్చి, చేతిలో ఉన్న పండు బాగుందా పుచ్చిందా అని అడిగాను.

ఆమె శనివారం పోయింది. మంగళవారం రానే వచ్చింది. పెద్దకర్మ అయ్యేదాకా మాకు మైల. దీపం ముట్టుకోకూడదు, అమ్మవారి దగ్గరికి పోకూడదు. పొరుగు తోట వాళ్ళు ఎప్పుడో అమ్ముకుని వెళ్ళిపోయారు. మా బృందానికి చెబుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. మైల ఇంటి నుంచి ఫలానా పూజ చేయండని అడగవచ్చో లేదో తెలియలేదు. పరామర్శకు వచ్చినప్పుడు వాళ్ళెవరూ ఆ మాట ఎత్తలేదు. పైగా ఆ వారం మా గుంపు వంతు కూడా కాదు. ఫోను పక్కన పెట్టేశాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. దగ్గరికి వెళ్ళకూడదన్నారు గానీ దూరం నుంచి చూడకూడదని ఎవరూ అనలేదు కదా. ఆటో ఎక్కి తోట దగ్గర దిగి, కంచె వేపచెట్టుకు దగ్గరగా వచ్చే చోట బయటే నిలబడ్డాను. చెట్ల సందుల్లోంచి వేపచెట్టు మొదలు కనిపిస్తోంది. రాయి మీద పోయిన వారం అక్క రాసిన పసుపు ఎండి పెచ్చులూడుతోంది. ఆ తల్లి ఒక్కతే ఉంది. అక్కా, నువ్వన్నట్టే అయింది అనుకున్నాను.

కాసేపటికి తోట ఆ చివర చిన్న గేటు చప్పుడైంది. టీచరమ్మ. ఒక్కతే వస్తోంది. చేతిలో చెంబు, ప్లాస్టిక్ డబ్బా. చెప్పులు దూరాన విడిచి, వచ్చీరానట్టుగా రాయిని కడగడం మొదలుపెట్టింది. ఆమె పసుపు తీస్తుండగానే కిరాణా వదినగారు వచ్చి, ఎదురుగా మనిషిని చూసి ఉలిక్కిపడింది.

“మీరూ వచ్చారా అండీ? ఎవరూ రారేమోనని నేను...”

“నేనూ అదే అనుకున్నానండీ” అంది టీచరమ్మ.

మిల్లు కోడలు అందరికన్నా ఆఖరున, పరుగులాంటి నడకతో వచ్చింది. వాళ్ళిద్దరినీ చూసి ఆగిపోయి, చేతిలో టిఫిను క్యారియరును ఊరికే పైకెత్తి చూపించింది. ఎవరికి వారు తాము ఒక్కళ్ళమే అనుకుని వచ్చారు. ముగ్గురూ మూతలు తీశారు. మూడింటిలోనూ పెరుగు కలిపిన చద్దన్నమే. టీచరమ్మ డబ్బా ఫ్రిజ్‌లోంచి తెచ్చిందేమో, చుట్టూ నీళ్ళు పట్టి ఉన్నాయి.

దీపం వెలిగించారు. అన్నాలు అమ్మవారి ముందు పెట్టారు. చల్లారవలసిందేమీ లేదు, హారతి ఇచ్చి లేచి వెళ్ళిపోవచ్చు. ఎవరూ లేవలేదు. ముగ్గురూ ఎడం ఎడంగా నేల మీద చతికిలబడి, ఆ చల్లటి అన్నం ఇంకా చల్లారాలన్నట్టు చూస్తూ కూర్చున్నారు. నేనూ కంచె ఇవతల, మట్టిలో కూర్చున్నాను.