తెల్లకోటాయన వైద్యం

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పెనుకొండ సంతలో మందులమ్మేవాళ్లు పంచిన కరపత్రాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అందుకే మందులమ్మే గొంతు ఎక్కడ విన్నా గుర్తుపడతాను. పోయిన ఎండాకాలం అది మా ఇంట్లోనే, నా భార్య ఫోనులోంచి వినిపించింది.

తెల్లకోటు వేసుకున్న ఒకాయన, వేరుశనగ తింటే కీళ్లు అరిగిపోతాయంటున్నాడు. చివర్లో తన పొడి కొనుక్కోమంటున్నాడు. మోకాళ్ల నొప్పి గురించి ఆమె ఒక్కసారి చూసింది, అంతే. ఆ తర్వాత ఫోను తెరిస్తే చాలు, మోకాళ్లే. ముందు వేరుశనగ మానేసింది, తర్వాత పప్పు, ఆ తర్వాత పెరుగు. రవికెలు వదులైపోయాయి. లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటోంది. హిందూపురంలో డాక్టరమ్మ చూసి, నీరసం తప్ప ఏమీ లేదు, అన్నీ తినమని పంపింది. ఇంటికొస్తే మళ్లీ గంజే.

"డాక్టరమ్మ మాట ఇనవా?" అని అరిచాను.

"ఆయమ్మ అందరికీ అదే చెప్తాది. ఈయప్ప నన్ను సూసినట్టే చెప్తాండాడు. నా నొప్పి తెలీకుంటే నా ఫోనుకే ఎందుకొస్తాడు?"

నాకు ఒళ్లు మండింది. సంతలో మందులమ్మేవాడు నలుగురి మధ్య నిలబడి అరిచేవాడు. గొప్పలు మితిమీరితే వెనకనుంచి ఎవడో ఒకడు, "ముందు నీ బట్టతలకు పూసుకోప్పా!" అనేవాడు. జనం గొల్లున నవ్వేవారు. వాడి మాయ అక్కడే విడిపోయేది. ఈ తెల్లకోటాయన ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా ఊదుతున్నాడు. పక్కన నవ్వే మనిషే లేడు.

మరునాడు ఎదురింటి కోడల్ని పిలిచాను. ధర్మవరం పిల్ల, నోటికి అడ్డు లేదు. నా భార్యను పక్కన కూర్చోబెట్టి, ఆమె ఫోను అరుగు మీద పెట్టి గట్టిగా వినిపించాను.

"ఈయప్పనా? నాకూ వస్తాడత్తా!" అంటూ తన ఫోను తీసింది. జుట్టు రాలుతోందని ఏదో చూసిందట. అదే మనిషి, అదే కోటు. రోజూ పిడికెడు వేరుశనగ తినండి, అమృతం అంటున్నాడు. అక్కడ నూనె అమ్ముతున్నాడు.

నా భార్య రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూసింది.

"నాకేమో ఇసం, నీకేమో అమృతమా?"

"మోకాళ్ల మీద జుట్టు మొలిపిచ్చుకో అత్తా, రెండిటికీ సరిపోతాది!"

నా భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత కోపమొచ్చింది.

"ఇన్ని దినాలు నన్ను పస్తు పెట్టినాడు కదే, వీని నోట్లో మన్ను పడా! ఏమయ్యా, సూస్తా నిలబడుకున్యావే? పో, చెనిక్కాయలు ఏయించుకోని రాపో."

వేరుశనగకాయలు వేయించి తెచ్చాను. కొన్ని మాడాయి. ఆమె వాటిని ఏరి నా వైపు తోసి, మంచివి ఒక్కొక్కటే ఒలుచుకుని తిన్నది.