కాగితం వెనక వైపు

ఆ టైపు సెంటరుకి ఇద్దరు రచయితలు వచ్చేవారు. ఒకాయన్ని టైపిస్టు మనసులో పటాలాయన అనుకునేది. ఏ పాత్ర ఏ అధ్యాయంలో తుమ్మాలో కూడా ముందే పటం గీసుకునే మహానుభావుడు. తొమ్మిదేళ్లుగా పటాలు మారుతూనే ఉన్నాయి గానీ, మొదటి వాక్యం రాయడానికి ఆయనకి తీరిక చిక్కలేదు.

రెండో ఆయన వరదాయన. ప్లాను అనే మాటే గిట్టదు. ఊపొస్తే రోజుకి నలభై పేజీలు. ఊపు దిగగానే అవన్నీ ఆమె బల్ల మీద పడేసి, "చెత్తబుట్టలో వేసెయ్యమ్మా" అని వెళ్లిపోయేవాడు.

ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడానికి ఆమెకి చేతులు రాలేదు. ఆ తెల్లవైపున రోజుకో పేజీ చొప్పున తన నవల రాసుకుంది. ఏడాదిన్నరలో నాలుగొందల పేజీలయ్యాయి. ఎవరి కంటా పడకుండా కట్టని సొరుగులో బోర్లా పెట్టేది. అందరి రాతలూ టైపు చేసే మనిషి తన రాతని మాత్రం అంతా అయ్యాక ఒకేసారి కొడదామనుకుంది. తెలివంటే అదీ.

ఆమె సెలవు పెట్టిన రోజే వరదాయన ఊడిపడ్డాడు. పారేసినదాంట్లోనే ప్రాణముందని స్నానం చేస్తుంటే తట్టిందట. సొరుగు లాగి, పైన తన చేతిరాత కనబడగానే కట్ట చంకన పెట్టుకుపోయాడు.

మర్నాడు సంగతి విని, ఖాళీ సొరుగు చూసి ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంకో ప్రతి లేదు. ఆయనకేమో నచ్చని పేజీని నాలుగు ముక్కలు చేసే అలవాటు. ఫోను చేస్తే ఎత్తడు, ఊపులో ఉన్నప్పుడు ఎత్తకపోవడం ఆయన నియమం. ఆ వారమే పటాలాయన కొత్త పటం తెచ్చి, "నవలంటే తొందరపడకూడదమ్మా" అని హితబోధ చేశాడు. ఆమె ఆ పటంలో గీతలు సరిచేసింది.

ఎనిమిదో రోజున, పటాలాయన ఎదురుగా ఉండగానే, వరదాయన కట్టతో వచ్చాడు. ఒక్క కాగితమూ చిరగలేదు.

"నా వైపంతా చెత్తేనమ్మా. వెనక వైపు ఎవరిది?"

"నాదేనండీ." ఆమె కట్ట అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత ఊపు ఎక్కణ్ణించి వచ్చింది నీకు?"

పటాలాయన పై కాగితం తీసుకుని చదివాడు. "దీనికి ఎన్ని పటాలు వేశావమ్మా?"

"మా బస్సు ఇక్కడ తాళం తీయడానికి ఇరవై నిమిషాల ముందే దించేస్తుందండీ. మెట్ల మీద ఊరికే కూర్చోలేక రాశాను. ఇంకొక్క అధ్యాయం ఉంది. వాళ్లు బస్సు టైము మార్చకపోతే నెలాఖరుకి అయిపోతుంది."